తమ్ముడికి కొన్న పాత 3060: ఎనిమిది నెలల వాడకం తర్వాత

వాడిన గ్రాఫిక్స్ కార్డు కొనేటప్పుడు అమ్మేవారి మాటలన్నీ పక్కన పెట్టి, అరగంట సేపు ఆ కార్డు చేత గట్టిగా పని చేయించి చూడాలి. నేను పట్టుబట్టింది ఈ ఒక్క విషయంలోనే. దానివల్ల ఒక చెడ్డ కార్డు చేతిదాకా వచ్చి తప్పిపోయింది, ఒక మంచి కార్డు దొరికింది. ఈ సమీక్ష ఆ దొరికిన దాని గురించి: ఎన్విడియా వారి ఆర్టీఎక్స్ 3060, 12 జీబీ మెమరీ, రెండు ఫ్యాన్ల రకం.

మా తమ్ముడి కంప్యూటర్‌లో అంతకు ముందు జీటీఎక్స్ 1060 ఉండేది. ఆ పేరుతో ముఖ్యంగా రెండు రకాలు వచ్చాయి. 6 జీబీ రకంలో 1280 కోర్లుంటే (బొమ్మల లెక్కలు చేసే చిన్న భాగాలు), 3 జీబీ రకంలో 1152 మాత్రమే. వాడిది 3 జీబీది. కొత్త ఆటల్లో గోడల మీది గీతలు ముద్దగా కనిపించేవి, మలుపు తిరిగిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం ఆగిపోయేది. మెమరీ చాలనప్పుడు జరిగేది ఇదే. పైగా ఆ తరం కార్డులకు ఆటల కోసం కొత్త డ్రైవర్లు (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. ఇక వచ్చేవి భద్రతా సవరణలే. అందువల్ల ఎంత చవకగా దొరికినా ఇప్పుడు 10 శ్రేణి కార్డు కొనవద్దనే చెబుతాను.

"అక్కా, నా చదువు అయ్యేదాకా మళ్లీ మార్చే పని ఉండకూడదు" అన్నాడు వాడు. ఆ మాటతోనే మెమరీకి మొదటి స్థానం ఇచ్చాను. 3060 టీఐ వేగంలో దీనికంటే బాగా ముందుంటుంది కానీ అందులో ఉన్నది 8 జీబీ. ఏఎండీ వారి ఆర్ఎక్స్ 6600 కూడా చూశాను. 132 వాట్లతో నడిచే పొదుపైన కార్డు అది. కాకపోతే మదర్‌బోర్డుతో ఎనిమిది దారుల్లోనే (పీసీఐఈ లేన్లు) మాట్లాడుతుంది. మా బోర్డులో ఆ దారులు పాత, నెమ్మదైన 3.0 తరానివి కాబట్టి కొంత నష్టం ఉంటుంది. చాలా ఆటల్లో ఆ తేడా స్వల్పమే, కొత్త బోర్డున్నవారు నిశ్చింతగా తీసుకోవచ్చు. అదే నాలుగు దారులు, 4 జీబీ మెమరీ ఉన్న ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీని మాత్రం పాత బోర్డులో పెట్టకండి. 3060కి 170 వాట్లు కావాలి. మా 550 వాట్ల పవర్ సప్లై దానికి సరిపోతుంది.

మొదట చూసిన కార్డు అద్దంలా మెరుస్తోంది. దుమ్ము లేదు, డబ్బా ఉంది, బిల్లు ఉంది. "ఆటలకు తప్ప దేనికీ వాడలేదండీ" అన్నారు అమ్మే ఆయన. ఆయన కంప్యూటర్‌లోనే కార్డు వివరాలు, వేడి చూపించే జీపీయూ-జెడ్ తెరిచి, పక్కన కార్డుకు గట్టిగా పని పెట్టే ఫర్‌మార్క్ నడిపించాను. మొదటి పది నిమిషాలు ఏ లోపమూ కనిపించలేదు. ఇరవయ్యో నిమిషానికి కోర్ వేడి 78 డిగ్రీల దగ్గరే నిలబడింది కానీ హాట్‌స్పాట్, అంటే చిప్పులో అన్నిటికంటే వేడెక్కిన చోటు, 104కు చేరింది. కార్డు పని చేసే వేగం (క్లాక్) మెట్టుమెట్టుగా పడిపోవడం మొదలైంది. ఈ రెండు అంకెల మధ్య దూరమే నేను అన్నిటికంటే ముందు చూసేది. పది, పదిహేను డిగ్రీల తేడా మామూలే. ఇరవై అయిదు దాటిందంటే చిప్పు వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండాలి, లేదా వేడిని లాగే లోహపు రెక్కల భాగం, హీట్‌సింక్, సరిగ్గా ఆనకుండా ఉండాలి. కాసేపటికి తెర మీద ఆకుపచ్చ చుక్కలు మెరిశాయి. చుక్కలు కనిపించాక ఇక బేరమే లేదు, అది మెమరీ జబ్బు కావచ్చు, చిప్పు జబ్బు కావచ్చు. పేస్ట్ మారిస్తే పోతుందన్న హామీతో దాన్ని కొనకూడదు. అద్దంలా తుడిచి ఇచ్చారంటే ఎందుకు తుడవాల్సి వచ్చిందో కూడా అడగాలని అప్పుడే అనిపించింది.

రెండో కార్డు రెక్కల మీద దుమ్ము పేరుకుని ఉంది. అమ్మే అమ్మాయి దాచకుండా చెప్పింది, అన్నయ్య దాన్ని కొంతకాలం మైనింగ్‌కు, అంటే క్రిప్టో నాణేలు సంపాదించే లెక్కలకు, వాడాడని. చాలామంది ఆ మాట వినగానే వెనుదిరుగుతారు. నేను ఆగాను. ఈథీరియం అనే క్రిప్టో వ్యవస్థ 2022 సెప్టెంబరు 15న పద్ధతి మార్చుకున్నాక గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వే పనే ముగిసిపోయింది. అప్పుడు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చిన కార్డులన్నీ చెడ్డవి కావు. మైనింగ్‌లో కార్డు సాధారణంగా తక్కువ కరెంటుతో, ఒకే వేడి దగ్గర రోజుల తరబడి నడుస్తుంది. ముందుగా అరిగేవి ఫ్యాన్లు, ఎండేవి మెమరీ చిప్పుల వేడిని హీట్‌సింక్‌కు చేర్చే మెత్తటి థర్మల్ ప్యాడ్లు. వాటిని మార్చుకోవచ్చు.

జీపీయూ-జెడ్‌లో 3584 కోర్లు, 192 బిట్ల బస్సు (మెమరీకి చిప్పుకు మధ్య దారి వెడల్పు), 12288 ఎంబీ మెమరీ సరిగ్గా కనిపించాయి. ఇది తప్పకుండా చూడండి, ఎందుకంటే 3060 పేరుతోనే 8 జీబీ, 128 బిట్ల రకం కూడా ఉంది, అది బాగా నెమ్మది. ఒత్తిడిలో పెట్టినప్పుడు పదహారు దారులూ పని చేస్తున్నాయో లేదో చూశాను. అక్కడ ఎనిమిదే కనిపిస్తే బోర్డులో దిగే కార్డు అంచున ఉండే బంగారు పూత కాళ్లు మాసిపోవడమో, దెబ్బతినడమో జరిగి ఉండొచ్చు. అరగంట అయ్యాక కోర్ 72, హాట్‌స్పాట్ 85. చుక్కలు లేవు, వేగం తగ్గలేదు. పోర్టులన్నిటికీ ఒక్కొక్కటిగా తెరను తగిలించి చూస్తుంటే ఆ అమ్మాయి విసుక్కోకుండా కేబుల్ అందించింది. బేరమాడలేదు, అడిగిన మొత్తం ఇచ్చేశాను.

ఎనిమిది నెలలుగా వాడు 1080పీ తెర మీద ఆడుతున్నాడు. బొమ్మల నాణ్యత పెంచుకున్నా మెమరీ నిండిపోయిన సందర్భం నేను చూడలేదు. పాత కార్డులో బొమ్మ ఆగిపోయే ఆ బాధ పోయింది. వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే రే ట్రేసింగ్ పూర్తిగా పెడితే మాత్రం ఈ కార్డు ఆయాసపడుతుంది, చిన్నగా గీసిన బొమ్మను ఏఐతో పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ తోడు కావాల్సిందే. బొమ్మకు బొమ్మకు మధ్య కొత్త బొమ్మలు పుట్టించే ఎన్విడియా ఫ్రేమ్ జనరేషన్ 40 శ్రేణిలో వచ్చింది, అది దీనికి లేదు. ఇంకా స్పష్టమైన 1440పీ తెర ఉన్నవారు, అన్ని ఆటలూ అత్యున్నత నాణ్యతలో ఆడాలనుకునేవారు ఇంతకంటే పై కార్డు చూసుకోవాలి.

అయిదో నెలలో ఒక ఫ్యాన్ గరగరలాడడం మొదలుపెట్టింది. మైనింగ్ కార్డు కాబట్టి ఇది వస్తుందని ముందే అనుకున్నాను. అదే కొలతల ఫ్యాన్ల జత తెప్పించి మార్చాను. విప్పిన చేత్తోనే పేస్ట్ కూడా కొత్తది పెట్టాను, హాట్‌స్పాట్ తొమ్మిది డిగ్రీలు దిగింది. ప్యాడ్లు చిరగకుండా ఉన్నాయి కనుక ముట్టుకోలేదు. వాటిని మార్చాలంటే మందం కచ్చితంగా తెలియాలి. ఎక్కువ మందం ఉన్నవి పెడితే హీట్‌సింక్ చిప్పుకు ఆనదు, మొదటి కార్డు గతే దీనికీ పడుతుంది.

కొన్న రోజు అంకెలు, పేస్ట్ మార్చిన రోజు అంకెలు, ఫ్యాన్లు మార్చిన తేదీ ఒక కాగితం మీద రాసి కార్డు డబ్బాలో పెట్టాను. మైనింగ్‌కు వాడారన్న సంగతీ పైనే రాశాను. వాడి చదువు అయ్యాక దీన్ని కొనబోయేవారికి ఆ కాగితం కూడా ఇస్తాను, అరగంట పరీక్షకు కుర్చీ కూడా వేస్తాను.