షూర్ ఎస్ఈ846 ఆరేళ్ల వాడకం: ఊడొచ్చే నాజిల్ మీద ఇంత ప్రేమ ఎందుకంటే

ఈ ఇయర్‌ఫోన్ గురించి ఎవరు మాట్లాడినా ముందు బేస్ సంగతే ఎత్తుతారు. పది స్టీలు రేకుల్లో సన్నటి దారి కోసి, వాటిని ఒకదానిమీద ఒకటి అతికించి, వేలి గోరంత చోటులో దాదాపు 4 అంగుళాల గొట్టం చేసే పని చేయించారు. 2013లో అది చాలా పెద్ద విషయం. మొదట్లో నేనూ దాన్నే పొగిడాను. ఇప్పుడు మాత్రం నా ఇష్టమంతా మూతి దగ్గరున్న చిన్న మెటల్ కాలర్ మీద. పెట్టెలో ఇచ్చే కీతో దాన్ని తిప్పితే నాజిల్, అంటే చెవిలోకి వెళ్లే మూతి గొట్టం, ఊడొస్తుంది. లోపలుండే చిన్న ఫిల్టర్ ముక్క, దాన్నే ఇన్సర్ట్ అంటారు, చేతికొస్తుంది. ఈ ధరలో ఇలా మూతి విప్పి చూసుకోగలిగే ఇయర్‌ఫోన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇన్సర్ట్‌లు మూడు జతలని, నీలం బ్యాలెన్స్‌డ్, తెలుపు బ్రైట్, నలుపు వార్మ్ అని అందరికీ తెలుసు. తెలుపు వేస్తే 1 నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకా రెండున్నర డెసిబెల్స్ పెరుగుతుంది, నలుపు వేస్తే అంతే తగ్గుతుంది. చాలామంది దీన్ని సౌండు రంగు మార్చుకునే సరదాగానే చూస్తారు. నాకు మాత్రం దీని అసలు విలువ వేరేచోట కనిపించింది.

ఒకరోజు ఎడమ వైపు ఏదో తేడా కొట్టింది. సౌండు పోలేదు, తగ్గిందని కూడా గట్టిగా చెప్పలేను. 1950, 60ల నాటి సినిమా పాటలు మోనో రికార్డింగులు కాబట్టి గొంతు సరిగ్గా నుదుటి నడిమధ్యలో వినిపించాలి. ఇక్కడ 'ఆ', 'ఓ' లాంటి అచ్చులు మధ్యలోనే ఉన్నాయి. 'స' వచ్చినప్పుడల్లా ఆ ఒక్క అక్షరం కుడి చెవి వైపు ఎగిరిపోతోంది. 'చ' అయినా అంతే. మృదంగంలో తొప్పి (బేస్ పలికే ఎడమ ముఖం) మధ్యలో, చాపు (కుడి ముఖం మీది ఖంగుమనే దెబ్బ) కుడిపక్క. అంటే కింది ఫ్రీక్వెన్సీలు రెండు వైపులా సమానంగానే వస్తున్నాయి, పైవి మాత్రం ఎడమ వైపు అణిగిపోయాయి. ఒక్కో వైపు నాలుగు డ్రైవర్లు, అంటే సౌండు పుట్టించే బుల్లి స్పీకర్లు, ఉన్న సెట్‌లో ఈ లక్షణం చూస్తే ట్రెబుల్ (పై ఫ్రీక్వెన్సీల) డ్రైవర్ పోయిందనే ఎవరికైనా అనిపిస్తుంది. వారంటీ దాటిన సెట్‌కి ఆ మాట అంటే గుండె గుభేల్ మంటుంది.

ఇలాంటప్పుడు వెతికే వరస ముఖ్యం. ముందు కేబుల్. ఎడమ వైరు కుడి ఇయర్‌పీస్‌కి, కుడి వైరు ఎడమదానికి తగిలించి వినాలి. 'స' జరిగే దిక్కు మారకపోతే కేబుల్, ఫోను రెండిటి తప్పూ లేనట్టే. నా సెట్‌లో మారలేదు. తర్వాత టిప్స్ (చెవిలో కూర్చునే మెత్తటి తొడుగులు) అటూ ఇటూ మార్చాలి. అదీ తేలకపోతే రెండు నాజిళ్లూ విప్పి, ఎడమ ఇన్సర్ట్‌ని కుడి వైపు, కుడిదాన్ని ఎడమ వైపు పెట్టి మళ్లీ అదే పాట వినాలి. అలా పెట్టగానే 'స' ఎడమ చెవి వైపు జరిగింది. తప్పు ఇన్సర్ట్‌తో పాటే అటు నుంచి ఇటు వచ్చింది కాబట్టి డ్రైవర్లు నాలుగూ క్షేమం. నాజిల్ ఊడని ఇయర్‌ఫోన్లో ఈ ఒక్క ప్రశ్నకి జవాబు ఇంట్లో దొరకదు. సర్వీస్‌కి పంపాల్సిందే.

కారణం తేమ, గుబిలి. ఇన్సర్ట్‌లో సన్నటి జల్లెడ లాంటి పొర ఉంటుంది, గాలి దాన్ని దాటి రావడంలో పడే కష్టమే ట్యూనింగ్. దాని మీద నీటి పొర పడితే ఆ అడ్డు పెరుగుతుంది. అడ్డు పెరిగినప్పుడు ముందు దెబ్బతినేది పై ఫ్రీక్వెన్సీలే, బేస్ దాదాపు మామూలుగానే వెళ్తుంది. అందుకే 'స' జరిగినా తొప్పి జరగలేదు. ఏసీ గదిలో 22 డిగ్రీలకి చల్లబడిన నాజిల్‌ని తీసి 37 డిగ్రీల తేమ చెవిలో పెడితే లోపల ఆవిరి చేరక తప్పదు. విజయవాడ, విశాఖ, చెన్నై లాంటి ఉక్కపోత ఊళ్లలో ఇది మామూలు. వట్టి తేమైతే రాత్రికి ఆరిపోతుంది. గుబిలి కలిసిందంటే జిగురు పట్టి మరి ఆరదు.

బాగుచేసే పద్ధతి చిన్నదే. ముందు ఇన్సర్ట్ తీసి, మెత్తటి పొడి బ్రష్‌తో మూతి కిందికి వంచి దులపాలి, పైకి పెట్టి దులిపితే చెత్త లోపలికే పడుతుంది. గాలి చొరబడని చిన్న డబ్బాలో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలేసి పది పన్నెండు గంటలుంచాలి. అప్పటికీ తేడా ఉంటే విడిగా తీసిన ఇన్సర్ట్ మీద మాత్రమే ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, టిష్యూ మీద తట్టి, పూర్తిగా ఒక రోజు ఆరబెట్టాలి. ఇయర్‌పీస్‌కి తగిలించి ఉండగా ద్రవం ఏదీ వద్దు, రేకుల మధ్య దారిలోకి వెళ్తే బయటికి తీసే మార్గం లేదు. నోటితో పీల్చడం, గాలి కొట్టడం, హెయిర్ డ్రయర్ మూడూ ప్రమాదమే, ఇందులోని డ్రైవర్ల రకమైన బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్‌లో ఊగే సన్నటి రేకు ఆ ఒత్తిడికి ఒకపక్కకి అతుక్కుపోవచ్చు. తడిసిన ఫోన్లకి చేసినట్టు బియ్యం డబ్బాలో పెట్టడం అంతకన్నా చెడ్డది, బియ్యప్పిండి నేరుగా జల్లెడలోకి పోతుంది.

తాత్కాలికంగా తెల్ల ఇన్సర్ట్ వేసుకోవచ్చు, కాకపోతే రెండు వైపులా ఒకే రంగు. ఒకవైపు నీలం, ఒకవైపు తెలుపు పెడితే రెండున్నర డెసిబెల్స్ తేడాకి గొంతు ఒకపక్కకి లాగినట్టుంటుంది.

ఆ సంఘటన తర్వాత పోలికల మీద నా నమ్మకమే మారిపోయింది. సగం మూసుకుపోయిన జల్లెడతో విని "ఇది మెత్తగా ఉంది, అది పదునుగా ఉంది" అని రాసేవాళ్లు ఎంతమంది ఉంటారో. పోల్చే ముందు నాజిల్ చూడాలి. తర్వాత వాల్యూమ్ కలపాలి. అర డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి మంచిదనిపిస్తుంది. 1 కిలోహెర్ట్జ్ బీప్‌తో కలిపితే ఆ ఒక్క చోటే కలుస్తుంది, పింక్ నాయిజ్‌తో (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) కలపడం మేలు. కప్లర్ మైక్ (ఇయర్‌ఫోన్ తగిలించి సౌండు కొలిచే మైక్) ఉంటే దాంతో, లేకపోతే మార్చి మార్చి వింటూ. మూడోది, టిప్ చెవిలో ఎంత లోతుకి దిగిందన్నది. టోన్ జనరేటర్ యాప్‌లో 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా మెల్లగా జరుపుతూ పోతే ఒకచోట సౌండు చెవిలో గుచ్చుతుంది. అది చాలామట్టుకు నాజిల్‌కీ కర్ణభేరికీ మధ్య మిగిలిన గాలి స్తంభం మోగడం. టిప్ ఇంకొంచెం లోపలికి తోస్తే ఆ గుచ్చే చోటు పైకి జరుగుతుంది. రెండు ఇయర్‌ఫోన్లకీ అది దాదాపు ఒకేచోట వచ్చేలా టిప్ సైజు చూసుకుని అప్పుడు పోలిస్తే సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

ఎస్ఈ846తో అలా కలిపి పోల్చినవి మరో రెండు ఇయర్‌ఫోన్లు: సెన్‌హైజర్ ఐఈ 900, ఎటిమోటిక్ ఈఆర్4ఎస్ఆర్. మృదంగం తొప్పి మీద గుమికి వేసినప్పుడు స్వరం కిందినుంచి పైకి సాగుతుంది కదా, ఆ సాగడం ఈఆర్4ఎస్ఆర్‌లో స్పష్టంగా తెలుస్తుంది, బరువు మాత్రం తెలియదు. ఎస్ఈ846లో బరువూ తెలుస్తుంది, సాగడమూ తెలుస్తుంది. ఐఈ 900లో ఇంకొక మెట్టు ఉంది: చర్మం ఊగి ఆగడం కూడా వినిపిస్తుంది. దానిలోని 7 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవర్ (మామూలు స్పీకర్‌లా పొర ఊగేది) గాలిని తోసే తీరు ఆర్మేచర్‌కి రాదు, ఎన్ని రేకులు పేర్చినా. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

తంబూరా జీవాళిలో ఐఈ 900ది స్పష్టంగా పైచేయి. తీగ మీద దారం సరిగ్గా కుదిరినప్పుడు వచ్చే ఆ మెరుపు 10 కిలోహెర్ట్జ్ దాటి కూడా ఉంటుంది, ఎస్ఈ846 అక్కడికి చేరకముందే అలిసిపోతుంది. తెల్ల ఇన్సర్ట్ వేసినా లాభం లేదు, అది పెంచేది 8 కిలోహెర్ట్జ్ దాకానే. 2022లో వచ్చిన రెండో తరంలో నాలుగో జత ఇన్సర్ట్ ఇచ్చారంటే కంపెనీకి కూడా పైభాగం గురించి ఆలోచన ఉందనుకోవాలి.

గొంతుకి మాత్రం నా ఓటు ఇంకా ఎస్ఈ846కే, నీలం ఇన్సర్ట్‌తో. తెలుగు పాటకి నేను వాడే పరీక్ష 'శ', 'ష', 'స'. 'స' ఎక్కువగా ఎత్తున మోగుతుంది, 'శ', 'ష' దానికంటే కింద. మంచి గాయకుడు మూడూ విడివిడిగా పలుకుతాడు. ఈఆర్4ఎస్ఆర్‌లో మూడూ విడిగా, కొంచెం కరుగ్గా వస్తాయి. ఐఈ 900లో 'స' ఒక్కటి ముందుకొచ్చి నిలబడుతుంది, గొంతు అరడుగు వెనక్కి తగ్గుతుంది. ఎస్ఈ846 నీలంలో మూడూ విడిగానే ఉంటాయి, చెవిలో గుచ్చవు. నల్ల ఇన్సర్ట్ వేస్తే మూడూ కలిసి దాదాపు ఒకటే అక్షరమైపోతాయి, అందుకే నలుపు జత నా డబ్బాలో అలాగే ఉంది. ఐఈ 900 వాళ్లకి ఒక మాట: దానితో వచ్చే టిప్స్ గొట్టంలో చిన్న ఫోమ్ ముక్క ఉంటుంది. వేరే టిప్స్ వేస్తే ఆ ఫోమ్ ఉండదు, 'స' ఇంకా రెచ్చిపోతుంది. ఆ ఫోమ్‌కి గుబిలి పడితే కడగడం కన్నా టిప్ మార్చడమే నయం.

ఈఆర్4ఎస్ఆర్‌కి కూడా ఫిల్టర్ మార్చుకునే వీలుంది, ఇది చెప్పకపోతే అన్యాయమవుతుంది. చిన్న పరికరాన్ని ఫిల్టర్‌లోకి తిప్పి లాగితే వచ్చేస్తుంది, కొత్తది గుచ్చాలి. లాగినది మళ్లీ పనికిరాదు, కాబట్టి తీసి చూసి మళ్లీ పెట్టుకునే వైద్యం దానికి కుదరదు.

ఎస్ఈ846 మీద అసలు ఫిర్యాదు సౌండు మీద కాదు, అది దేనికి తగిలిస్తామన్న దాని మీద. ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు, 9 ఓములు, అదీ అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకేలా ఉండదు. లెక్క కోసం ఒకచోట 5 ఓములు, ఇంకోచోట 15 ఓములు అనుకుందాం. ఆంప్ (ఆంప్లిఫయర్) అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 10 ఓములైతే ఈ రెండు చోట్లకీ మధ్య 5 డెసిబెల్స్ వంకర వస్తుంది. అదే 1 ఓము అయితే వంకర 1 డెసిబెల్. నీలం, తెలుపు ఇన్సర్ట్‌ల తేడా కన్నా పెద్ద తేడా ఒక పాత ఆంప్ తెచ్చిపెడుతుంది. ఐఈ 900 ఇంపెడెన్స్ దాదాపు చదునుగా ఉంటుంది, దానికి ఈ గొడవ లేదు. కాబట్టి ఎస్ఈ846కి 1 ఓము లోపు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న డాంగిల్ (ఫోనుకి తగిలించే హెడ్‌ఫోన్ అడాప్టర్) చాలు, యాపిల్ టైప్-సి డాంగిల్ ఆ కోవలోదే. ఖరీదైన ట్యూబ్ ఆంప్‌కి తగిలిస్తే హిస్ (వెనక బుస్సుమనే సౌండు) వినిపించొచ్చు, పైగా బేస్ ఎటు పోతుందో చెప్పలేం.

పైన నాజిల్‌ని అంత మెచ్చుకున్నాను గానీ దానికీ హద్దులున్నాయి. కాలర్ మర సన్నది. మొదటి చుట్టు చేత్తోనే తిప్పాలి, అడ్డంగా పట్టుకుందనిపిస్తే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. కీతో చివరి పావు చుట్టు చాలు, బిగించి బిగించి తిప్పితే మర అరుగుతుంది, ప్లాస్టిక్ నాజిల్‌కి చీలిక కూడా రావొచ్చు. వారానికోసారి సరదాగా విప్పడం మానేసి, 'స' జరిగినప్పుడే విప్పుతున్నాను. ఇన్సర్ట్ బియ్యపు గింజంత ఉంటుంది, కింద పడితే దొరకదు, తెల్లటి పళ్లెంలో పెట్టుకుని చేయాల్సిన పని. కేబుల్ ఇయర్‌పీస్‌కి తగిలే ఎంఎంసీఎక్స్ జాయింట్ కూడా ఏళ్ల తరబడి గిర్రున తిరిగి వదులవుతుంది, అప్పుడు సౌండు టకటకమని పోయి వస్తుంది. అది నాజిల్ జబ్బు కాదు. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క, అది పూర్తిగా ఆరేదాకా ఆగడం, ఊడదీసేటప్పుడు మెలిపెట్టకుండా గోటితో నిటారుగా లాగడం, అంతే.

నేను వినేది ఎక్కువగా గొంతు, మృదంగం, పాత మోనో పాటలు. రోజుకి రెండు గంటలు, ఉక్కపోత ఊళ్లో, ఫోను డాంగిల్ మీద. ఈ లెక్కలో నాకు ఎస్ఈ846 ఇప్పటికీ సరైనదే. వీణ, తంబూరా, తీగ వాయిద్యాలే ప్రాణమైతే, లేదా కొత్త సినిమా పాటల్లో కిందినుంచి తన్నే బేస్ కావాలంటే ఐఈ 900 వైపే మొగ్గుతాను, నాజిల్ ఊడకపోయినా సరే. చెవిలో లోతుగా గుచ్చుకోవడం ఇబ్బంది కాని వాళ్లు ఈఆర్4ఎస్ఆర్‌తో మొదలుపెట్టి ఆగిపోయినా తప్పులేదు.

సెకండ్ హ్యాండ్‌లో ఎస్ఈ846 దొరికితే డబ్బిచ్చే ముందు నాలుగు చూడండి: కీ పెట్టెలో ఉందా, మూడు జతల ఇన్సర్ట్‌లూ పూర్తిగా ఉన్నాయా, కాలర్ రెండు వైపులా చేత్తో సాఫీగా తిరుగుతోందా, మోనో పాటలో 'స' నడిమధ్యలో ఉందా. నాలుగోది తప్పి మిగతా మూడూ ఉంటే భయపడక్కర్లేదు, అక్కడే ఇన్సర్ట్‌లు అటూ ఇటూ మార్చి వినండి. 'స' కూడా దిక్కు మారిందంటే, ధర కొంచెం తగ్గించి అడగడానికి కారణం దొరికినట్టే.