విండోస్ మారాక మూగబోయిన ల్యాప్‌టాప్: పార్క్ లేన్ దుకాణంలో మరమ్మతు

తార్నాకలోని మా ఇంటి నుంచి రోజూ తెల్లవారుజామున ఐదున్నరకు అమెరికాలో ఉన్న పిల్లలకు ల్యాప్‌టాప్ ద్వారా వీణ నేర్పుతాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున, 2019లో కొన్న ఈ యంత్రాన్ని గత నెలలో విండోస్ 11కు మార్చాను. మర్నాటి పాఠంలో శిష్యురాలి వేళ్లు మెట్ల మీద నడుస్తున్నాయి, తెర మీద ధ్వని స్థాయిని చూపే గీత ఎగసిపడుతోంది, స్పీకర్ల నుంచి మాత్రం చిన్న చప్పుడైనా లేదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అంతా స్పష్టంగా వినిపించింది.

ఇంటికి దగ్గరలో ఉన్న ఒక దుకాణంలో రెండు నిమిషాలు చూసి, స్పీకర్లు కాలిపోయాయనీ, వాటితో పాటు లోపలి చిన్న బోర్డు కూడా మార్చాలనీ, 5,500 రూపాయలవుతుందనీ చెప్పారు. ముందురోజు రాత్రి వరకు చక్కగా పలికిన స్పీకర్లు సరిగ్గా విండోస్ మారిన గంటలోనే కాలిపోయాయంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అందుకే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అందరూ సీటీసీ అని పిలిచే భవనానికి, వెళ్లాను. ఈ సమీక్ష అక్కడ పై అంతస్తులో ఇద్దరు మనుషులతో నడిచే ఒక చిన్న మరమ్మతు దుకాణం గురించి.

అక్కడి కుర్రవాడు స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. ధ్వని ఏ పరికరానికి వెళుతోందో ముందు సెట్టింగ్స్‌లో చూశాడు. విండోస్ మారినప్పుడు అది ఒక్కోసారి హెచ్‌డీఎంఐ వైపు, అంటే టీవీ లేదా బయటి తెరకు కలిపే తీగ వైపు, మళ్లుతుందట, నా విషయంలో అలా జరగలేదు. తర్వాత విండోస్‌కు బదులుగా వాడే ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, నా డిస్కులో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే యంత్రాన్ని నడిపి ఒక పాట పెట్టాడు. నాలుగు రోజులుగా మూగగా ఉన్న స్పీకర్లు ఆ దుకాణమంతా వినబడేలా పలికాయి. "స్పీకర్ ఖరాబైతే ఇట్ల వస్తదా మేడం? డ్రైవర్ మారింది, గంతే" అన్నాడు. డ్రైవర్ అంటే లోపలి పరికరాన్ని విండోస్‌తో పని చేయించే చిన్న ప్రోగ్రాం. నేను చూసినంతలో ఇంతకన్నా నిజాయితీ గల పరీక్ష లేదు, ఎందుకంటే నిర్ణయం అతని మాట మీద కాక నా చెవుల మీద ఆధారపడింది.

యంత్రంలోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి అసలు కారణం చూపించాడు. ఇదివరకు ఆడియో చిప్ తయారుచేసే రియల్‌టెక్ పేరు ఉండే చోట మైక్రోసాఫ్ట్ వారి సాధారణ డ్రైవర్, అంటే హై డెఫినిషన్ ఆడియో డివైస్, కూర్చుని ఉంది. ఆ డ్రైవర్ ఇయర్‌ఫోన్‌కు సరిపోయినా, కొన్ని ల్యాప్‌టాప్‌లలో స్పీకర్లకు ముందుండే ఆంప్లిఫైయర్‌ను మేల్కొలిపే ఆదేశాలు తయారీదారు ఇచ్చే డ్రైవర్‌లోనే ఉంటాయి. యంత్రం అడుగున ఉన్న మోడల్ సంఖ్యతో తయారీదారు వెబ్‌సైట్ నుంచే డ్రైవర్ దింపి, ఉన్నదాన్ని తొలగించి, ఇది ఎక్కించి రీస్టార్ట్ చేయగానే ధ్వని వచ్చింది. పది రోజులలోపు పాత విండోస్‌కు తిరిగి వెళ్లే వీలు ఉన్నా, సాధారణ భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన దానికి వెళ్లడం ఆఖరి మార్గంగానే ఉంచుకోవాలని కూడా చెప్పాడు.

నన్ను మరింత సంతోషపెట్టింది తర్వాతి అరగంట. సంగీత పాఠాలని తెలిసి మైకు కూడా పరీక్షిద్దామన్నాడు. ఫోనులో తంబుర శ్రుతి పెట్టి రికార్డు చేస్తే, మొదటి క్షణం వినిపించి తర్వాత సన్నగిల్లిపోయింది. ఎడతెగకుండా ఒకే తీరున మోగే నాదాన్ని ఫ్యాను హోరుగా భావించి అణచివేయడం శబ్ద నివారణ పద్ధతుల స్వభావం. వీణ మీద మీటు తర్వాత సాగే నాదానికీ అదే గతి పడుతుంది. మైకు సెట్టింగ్స్‌లో ధ్వనిని ఇలా సవరించే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపించి, నేను పాఠాలు చెప్పే జూమ్‌లో సంగీతకారుల కోసం ఉన్న ఒరిజినల్ సౌండ్ అమరికను పెట్టించాడు. ఇన్నేళ్లుగా నా గమకాల చివరలు శిష్యులకు సగమే చేరుతున్నాయేమోనని ఆ రోజు నాకు నిజంగా బాధ కలిగింది.

మొత్తానికి 400 రూపాయలు తీసుకున్నారు. రసీదు అడిగితే తప్ప ఇవ్వకపోవడం, గంటన్నర సేపు కూర్చోవడానికి ఒక్క స్టూలు కూడా లేకపోవడం లోపాలే. పెద్దవారు వెంట ఎవరినైనా తీసుకువెళ్లడం మంచిది. పార్క్ లేన్‌లో కారు నిలపడం కష్టం గనుక నేను ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటోలో వెళ్లాను. మూడు వారాలు గడిచాయి, ఈ మధ్య రెండు విండోస్ అప్‌డేట్లు వచ్చినా ధ్వని నిలిచే ఉంది.