ప్రభు బల్లకి నలభై గ్లాసుల స్టీలు సెట్టు: కొనేముందు, కొన్నాక

ఒంగోలులో గానీ నెల్లూరులో గానీ క్రైస్తవ పుస్తకాల షాపుకెళ్లి "ప్రభు బల్లకి సెట్టు కావాలండీ" అంటే బైబిళ్ల వెనక అరలోంచి ముందు దించేది దీన్నే. ప్రభు బల్ల అంటే యేసు ఆఖరి భోజనాన్ని తలుచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆచారం. పన్నెండు అంగుళాల గుండ్రటి స్టీలు ట్రే, అందులో నలభై రంధ్రాల బిళ్ల, రంధ్రానికో బొటనవేలంత గ్లాసు, పైన సిలువ పిడి ఉన్న మూత, అడుగున పళ్లెం, రొట్టెకి వేరే పళ్లెం. కొన్నిటితో రసం పోసే ప్లాస్టిక్ సీసా, నగిషీ చెక్కిన పెద్ద గిన్నె ఒకటి కూడా వస్తాయి. నెలనెలా మొదటి ఆదివారం బల్ల పెట్టే బాప్టిస్టు సంఘాలకీ, వారం వారం రొట్టె విరిచే సహవాసాలకీ పనికొచ్చే సామాను. గూడూరు, సూళ్లూరుపేట వైపు లూథరన్ గుళ్లలో పల్చటి బిళ్లలాంటి అప్పం, ఒకే గిన్నె పద్ధతి నడిచే చోట దీనితో పెద్దగా పని లేదు.

ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్కటీ దేనికి తగ్గిందో కింద ఉంది, అది తుప్పుకో మెరుపుకో సంబంధించింది కాదు.

షాపులోనే మొదట రంధ్రాల బిళ్లని పైకి లాగి చూడండి. విడిగా రావాలి. కొన్నిట్లో నాలుగు చోట్ల వెల్డింగ్ పెట్టి అతికించేస్తారు. ఒలికిన రసం ఆ సందులోకి దిగితే వేలు పోదు, బ్రష్షూ పోదు. రెండు నెలలకి నల్లటి జిగురు, శనివారం రాత్రికి చీమల బారు. తర్వాత ఒక గ్లాసు పెట్టి తిప్పండి. కొంచెం ఆడాలి గానీ ఒరగకూడదు. బిళ్ల మీద నుంచి కనీసం అర అంగుళం పైకి లేచి ఉండాలి. అంతకంటే తక్కువైతే వేళ్లు వంకరపోయిన ముసలివాళ్లకీ, కోతలకి పోయి చేతులు మొద్దుబారినవాళ్లకీ పట్టు దొరకదు. గట్టిగా లాగితే రసం ఒళ్లో పడుతుంది. గ్లాసు అంచు మీద వేలు తిప్పండి, గరుకు తగిలితే అది పెదవిని కోస్తుంది. ఆఖర్న నలభై గ్లాసులూ సర్ది, దానిమీద ఇంకో ట్రే పెట్టించండి. పై ట్రే కింది ట్రే గట్టు మీద కూర్చోవాలి, గ్లాసుల నెత్తిన కాదు. చవక రకాలు ఈ పరీక్షలోనే తేలిపోతాయి.

అయస్కాంతం జేబులో వేసుకెళ్లేవాళ్లున్నారు. అది గట్టిగా అంటుకుంటే నికెల్ లేని రకమని తెలుస్తుంది, అంతవరకే. అంటుకోలేదు కదా అని మేలురకం 304 స్టీలు అనుకోవద్దు, చవకరకం 202 స్టీలుకీ సాధారణంగా అంటుకోదు. ఆ రెంటి తేడా కడిగే నీళ్ల దగ్గర బయటపడుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పు బోరు నీళ్లతో కడిగి అలాగే బోర్లిస్తే నాసిరకం స్టీలు మీద సూదితో పొడిచినట్టు తుప్పు చుక్కలు వస్తాయి. ఆఖరి నీళ్లు క్యాను నీళ్లు పోసి, పొడి గుడ్డతో తుడిచి పెట్టాలి. తేలిగ్గా ఉందని అల్యూమినియం సెట్టు జోలికి పోవద్దు. ద్రాక్షరసంలోని పులుపు దాన్ని తింటుంది, గ్లాసు నల్లబడుతుంది. బంగారు పూత సెట్లు ఫొటోలో బాగుంటాయి, పీచు పెట్టి తోమిన రోజున పూత పోతుంది.

కొలత దగ్గర చాలామంది పొరపాటు పడతారు. గ్లాసు అంచు దాకా ఎనిమిది, పది మిల్లీలీటర్లు పడుతుంది. అంత పోయకూడదు. ఐదు చాలు, అంటే ఒక టీస్పూను. 200 మందికి లీటరు, ఒలికేదీ సీసా అడుగున మిగిలేదీ కలిపి లీటరుంపావు చేసుకోండి. రసంలో గుజ్జు ఉంటే పోసే సీసా మూతి మూసుకుపోతుంది, కోపంగా నొక్కితే తెల్ల గుడ్డ మీద చిమ్ముతుంది. పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి, గుడ్డని మాత్రం పిండొద్దు.

నల్ల ద్రాక్ష కాలంలో రెండు కిలోలు తీసుకుంటే ఆ లీటరుంపావు దిగుతుంది. కడిగి, తొడిమలు తీసి, అర గ్లాసు నీళ్లతో సన్న సెగ మీద పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచాలి. తెర్లనివ్వొద్దు. తొక్క చిట్లి రంగు దిగాక మెదిపి, వడకట్టి, వేడి మీదే శుభ్రమైన సీసాలో పోసి, చల్లారాక ఫ్రిజ్జులో పెట్టాలి. శనివారం సాయంత్రం చేసుకుంటే చాలు. ముందుచూపు ఎక్కువై గురువారమే పచ్చి రసం పిండి బయట పెడితే, ఏప్రిల్ నెల నెల్లూరు ఎండకి తొక్క మీది ఈస్టు పని మొదలుపెడుతుంది. ఆదివారం పొద్దున మూత తీస్తే టప్పని పేలుతుంది, వాసనా మారిపోతుంది. పులిసిన ద్రాక్షారసమే వాడే సంఘాలు లోకంలో చాలా ఉన్నాయి, ఆ వాదన వేరు. పులియనిదని చెప్పి పులిసింది పోయడం మాత్రం తప్పు. తాగుడు మానుకుని వచ్చినవాళ్లు ఆ వరసల్లోనే కూర్చుని ఉంటారు. వేడి చేసి ఈస్టుని చంపే ఈ కిటుకుతోనే 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ పులియని ద్రాక్షరసాన్ని సీసాల్లోకి ఎక్కించాడు, అదీ బల్ల కోసమే. ద్రాక్ష దొరకని నెలల్లో నల్ల కిస్మిస్ 250 గ్రాములు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఇరవై నిమిషాలు కాచి వడకట్టండి. రంగు పొడి కలిపిన పానకం పోసి "విశ్వాసంతో పుచ్చుకోండి" అనే చోట్లూ ఉన్నాయి. విశ్వాసం సరే, రెండు కిలోల ద్రాక్ష కొనలేనంత బీద సంఘమా అని ఆ వారం స్టేజీ మీది పూలని అడగాలి.

రొట్టెకి మైదా 250 గ్రాములు, నీళ్లు 130 మిల్లీలీటర్లకి అటూ ఇటూ, చెంచా నూనె. ఈస్టు వద్దు, సోడా వద్దు. మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, పెనం మీద వేసేముందే చాకుతో గళ్లు గీయాలి. గీయకపోతే విరిచేటప్పుడు సగం పొడి అవుతుంది. ఒక్క రొట్టెని మాత్రం గీతలు లేకుండా ఉంచి అందరి ముందూ విరవండి. అంతా ఇంట్లోనే ముక్కలు చేసి తెస్తే, అందరం ఒకే రొట్టెలో పాలుపొందుతున్నాం అని అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మాట (1 కొరింథీ 10:17) వినపడుతుంది గానీ కనపడదు.

ఇక తగ్గిన మార్కు. ఈ సెట్టుకి గ్లాసులు విడిగా దొరకవు. ఒక విడతలో వచ్చినవి ఇంకో విడత రంధ్రాల్లో కూర్చోవు, కూర్చుంటే లేవవు. పిల్లలు ఆడుకోవడానికి జేబులో వేసుకుపోతారు, కొన్ని కడిగేచోట కాలవలోకి జారతాయి. రెండేళ్లకి నలభై కాస్తా ముప్పై అవుతాయి. లోటు పూడ్చడానికి ప్లాస్టిక్ గ్లాసుల పొట్లం వస్తుంది. ట్రే బల్ల దగ్గర నుంచి బయలుదేరుతుంది కాబట్టి ముందు కుర్చీల్లో పెద్దలకి స్టీలు, వెనక పట్టాల మీద కూర్చున్నవాళ్లకి ప్లాస్టిక్. ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు. కానీ టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో తెలిసిన ఊళ్లు ఇవి. ఆ ప్లాస్టిక్ గ్లాసు అందుకున్న మనిషికి అది ఎలా కనపడుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

విడి గ్లాసుల పద్ధతి పుట్టింది 1890లలో అమెరికాలో, రోగ క్రిముల భయంతో. ఆరోగ్యానికి మంచిదే. అయితే ఒకరి ఎంగిలి ఇంకొకరికి తగలకూడదన్న మాటకి మన దగ్గర ఇంకో అర్థం ఎప్పటి నుంచో ఉంది, గ్లాసు ఆ అర్థానికి చాటు కాకూడదు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చిన కొత్తలో పైకులాల పిల్లలు ఆయన బడికి వచ్చేవాళ్లు. మాదిగలని సంఘంలో చేర్చుకుంటే మేము రామన్నారు. లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడనే 1 కొరింథీ 1:26-29 ఆయన తీసి చదువుకుని మాదిగల పక్కన నిలబడ్డాడు, పిల్లలు బడి మానేశారు. ఈ ప్రాంతపు సంఘం పునాదిలో ఉన్న రాయి అది. సంఘం నిజంగా క్రీస్తుదేనా అని తూచడానికి సిద్ధాంతాల పట్టిక ఒకటే సరిపోదు. ట్రే ఏ దారిన పోతుందో, ఎవరి దగ్గర ఆగుతుందో చూడాలి.

పౌలు ఉత్తరం రాసిన ఆ కొరింథు సంఘంలోనూ గొడవ రొట్టె పిండి గురించి రాలేదు. తీరికున్నవాళ్లు ముందొచ్చి కడుపు నిండా తిని తాగేవాళ్లు, లేనివాళ్లు ఆకలితో మిగిలేవాళ్లు. అలా అయితే మీరు తినేది ప్రభువు రాత్రి భోజనమే కాదు పొమ్మన్నాడు పౌలు (1 కొరింథీ 11:20). ఆయన చెప్పిన మందు ఒకరికోసం ఒకరు ఆగడం (11:33). దాన్ని ట్రేతో చేయడం తేలికే. పంపకం గుమ్మం దగ్గర వరస నుంచి మొదలుపెట్టి ముందుకి రండి, సంఘ పెద్దలు ఆఖర్న తీసుకోండి. పుచ్చుకున్నవాళ్లు చేతిలో పట్టుకుని ఆగి, అందరికీ అందాక కలిసి తాగాలి. ఒక్కొక్కరు రెండు ట్రేలకి మించి మోయకూడదు, నడుం ఎత్తులో సమంగా పట్టుకోవాలి, పట్టా మీద కూర్చున్నవాళ్ల దగ్గర వంగకుండా మోకాలి మీద కూర్చోవాలి. వంగితే ట్రే ఒరుగుతుంది. 200 మందికి ఐదు ట్రేలు లెక్కకి చాలు, అయినా ఆరు నింపండి. పొలం నుంచో వేటకి పోయిన పడవ మీద నుంచో ఆలస్యంగా వచ్చినవాళ్లకి "వచ్చే నెల తీసుకో అమ్మా" అని చెప్పాల్సిన పని ఉండదు. నగిషీ గిన్నె ఎత్తి చూపడానికి వాడుకోండి. పాస్టరుగారు తాగేది అందరి గ్లాసులోదే అయితే బాగుంటుంది.

ట్రే ఆగే ఇంకో చోటు చందా పుస్తకం. బల్ల ఆపడమనేది బహిరంగంగా పాపంలో ఉండి మానుకోనివాణ్ని తిరిగి దారిలోకి తేవడానికి పెట్టుకున్న క్రమం. దాన్ని చందా బాకీ వసూలుకి వాడే సంఘాలు ఉన్నాయి. 1876-78 నాటి ధాత కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ మూడున్నర మైళ్ల కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించాడు. వాళ్లలో బాప్తిస్మం అడిగినవాళ్లని మాత్రం కరువు తీరేదాకా ఆపాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాతే 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. రొట్టె చూపించి మనిషిని లాక్కోకూడదని అప్పుడు అంత జాగ్రత్త పడ్డారు. డబ్బు కట్టలేదని రొట్టె వెనక్కి లాక్కోవడం అదే తప్పుకి రెండో వైపు. బల్ల ముందు తేల్చుకోవాల్సిన బాకీ మత్తయి 5:23-24లో ఉంది, సహోదరుడితో సమాధానపడడం. శనివారం సిద్ధపాటు కూడిక పెట్టేది అందుకే. అందులో ప్రకటనలే అరగంట చదివితే ఆ పని జరగదు.

మంచాన పడ్డవాళ్ల కోసం నాలుగు, ఆరు గ్లాసుల చిన్న పెట్టె విడిగా అమ్ముతారు. పెద్ద సెట్టుతో పాటు తప్పక కొనండి. సీసా మూతకి లోపల రబ్బరు వాషరు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే బండి మీద ఊరు దాటేసరికి పెట్టె గుడ్డంతా ఎర్రబడుతుంది. బల్ల అయ్యాక మిగిలిన రొట్టెతో అదే రోజు వెళ్లాలి. 2వ శతాబ్దపు రోములో ఆదివారం ఆరాధన గురించి రాసిన క్రైస్తవ పండితుడు జస్టిన్, రానివాళ్ల వంతు పరిచారకులు పట్టుకెళ్లేవాళ్లనీ, పోగైన కానుకలు అనాథలకీ విధవరాళ్లకీ పోయేవనీ ఒకే చోట చెప్పాడు. పెట్టెలో ఆ రెండోదానికి కూడా చోటు చూసుకోవచ్చు, మందుల చీటీ డబ్బులంత అయినా.

కరోనా కాలంలో బాగా ప్రచారంలోకి వచ్చిన రేకు మూత కప్పులు, పైన అప్పం, కింద రసం ఉండేవి, ఆసుపత్రికి బాగుంటాయి. సంఘానికి వద్దు. పై పొర ఒకటీ కింది పొర ఒకటీ విడివిడిగా లాగాలి, చత్వారం ఉన్నవాళ్లు రెండూ ఒకేసారి లాగి చీర మీద పోసుకుంటారు. రెండు వందల మంది ఒకేసారి రేకు చింపితే ప్రార్థన వినపడదు.

స్టీలు సెట్టే కొనండి. అయితే కొన్న రోజే, అదే పెట్టెల వరసలోంచి ఇంకో నలభై గ్లాసుల ట్రే అదనంగా తీసుకుని బీరువాలో పెట్టండి. గ్లాసుల అడుగున గోటితో తడిమితే తెలిసేంత చిన్న గుర్తు కొట్టించి, కడిగిన ప్రతిసారీ లెక్కపెట్టి, తగ్గిన వాటిని బీరువాలోంచి నింపండి. ప్లాస్టిక్ పొట్లం కొనే అవసరం చాలా ఏళ్లు రాదు.