నల్గొండ క్యాన్సర్ ఓపీ: ఓపిగ్గా చెప్పే డాక్టర్ దొరికారు

క్లాక్ టవర్ దగ్గర్లో, హైదరాబాద్ నుంచి వారానికోసారి క్యాన్సర్ డాక్టర్ వచ్చే క్లినిక్‌కి నాన్నని తీసుకెళ్లాను. పెద్దపేగు క్యాన్సర్. టోకెన్ పొద్దున 8కే తీసుకున్నా లోపలికి వెళ్లేసరికి ఒంటిగంట దాటింది, కుర్చీలు చాలక ముసలివాళ్లు గోడకి ఆనుకుని నిలబడ్డారు, ఇది కచ్చితంగా మార్చాలి.

డాక్టర్ గారు మాత్రం బంగారం. గడ్డలో కూడా బ్యాక్టీరియా ఉంటుందట కదా సార్ అని అడిగితే విసుక్కోకుండా కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మామూలుగా నోట్లో ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా కొందరి పెద్దపేగు గడ్డల్లో చేరుతుందట, దాని మీదున్న ఫ్యాప్2 అనే ప్రోటీన్ మన రోగనిరోధక కణాల మీదున్న, బ్రేకులా పనిచేసే టిజిట్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని, క్యాన్సర్ కణాన్ని చంపాల్సిన ఆ కణాలను ఆపేస్తుందట. క్లోమం గడ్డల్లో దొరికే కొన్ని బ్యాక్టీరియా అయితే జెమ్‌సిటబిన్ అనే కీమో మందునే పనికిరాకుండా మార్చేస్తాయని 2017లో బయటపడింది. వింటుంటే ఒళ్లు జలదరించింది.

"మరి యాంటీబయాటిక్ వాడితే పోతుంది కదా సార్?" అన్నాను.

"సొంతంగా అస్సలు వాడకండి అమ్మా, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. ఇమ్యూనోథెరపీకి, అంటే మన రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ని ఎదుర్కొనే చికిత్సకి ముందు యాంటీబయాటిక్స్ వాడినవాళ్లలో ఫలితం తగ్గినట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది" అన్నారు.

జ్వరమొస్తే మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మా ఊళ్లలో ఈ ముక్క చెప్పేవాళ్లు ఎవరున్నారు? నాన్న టెన్షన్ కూడా కాస్త తగ్గింది. వెళ్లేవాళ్లు పాత రిపోర్టులన్నీ, వాడుతున్న మందుల చీటీతో సహా పట్టుకెళ్లండి, ఆయన ప్రతిదీ చదువుతారు.