ఇస్మేల ఓడల కంపెనీ జాడల్లో నాలుగు రోజులు: లివర్‌పూల్, థర్‌స్టాస్టన్, బెల్‌ఫాస్ట్

వైట్ స్టార్ లైన్ అనే ఓడల కంపెనీ పేరు చెబితే మనవాళ్లకు టైటానిక్ ఒక్కటే గుర్తొస్తుంది. దానికోసమే లివర్‌పూల్ వెళ్తే నిరాశ తప్పదు. ఓడ వెనకవైపు లివర్‌పూల్ అని రాసి ఉన్నా, అది ఈ రేవుకు ఒక్కసారి కూడా రాలేదు. న్యూయార్క్ వెళ్లే పెద్ద ఓడలను కంపెనీ 1907లోనే సౌతాంప్టన్‌కు మార్చేసింది. లివర్‌పూల్‌లో దొరికేది ఆ ఓడలను నడిపించిన ఇస్మే కుటుంబం జాడ: వాళ్ల ఆఫీసు, ఊరి బయట ఇల్లున్న చోటు, సమాధి. ఓడలు పుట్టిన చోటు మాత్రం సముద్రం అవతల బెల్‌ఫాస్ట్‌లో ఉంది. ఇదే వరసలో వెళ్తే కంపెనీ కథ సులువుగా అర్థమవుతుంది. రెండు రాత్రులు లివర్‌పూల్‌లో, మూడోది ఫెర్రీలో గడిపి, నాలుగో రోజు బెల్‌ఫాస్ట్ చూస్తే సరిపోతుంది.

వెళ్లేముందు ఈ కాస్త తెలిసి ఉండాలి. పాత వైట్ స్టార్ కంపెనీ ఆస్ట్రేలియా బంగారు గనులకు జనాన్ని చేరవేసేది. 1867లో రాయల్ బ్యాంక్ ఆఫ్ లివర్‌పూల్ మూతపడేసరికి అదీ కుప్పకూలింది. మరుసటి ఏడు జనవరిలో థామస్ హెన్రీ ఇస్మే దాని పేరును, తెల్ల నక్షత్రమున్న ఎర్ర జెండాను, వ్యాపార పేరుప్రతిష్ఠను (గుడ్‌విల్) 1,000 పౌండ్లకు కొన్నాడు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. 1869లో 4 లక్షల పౌండ్ల మూలధనంతో ఓషియానిక్ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టాడు. అందుకు అండగా నిలిచిన వ్యాపారి గుస్తావ్ ష్వాబే షరతు ఒక్కటే: ఓడలన్నీ బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ అనే ఓడల కర్మాగారంలోనే కట్టించాలి. ఆ వుల్ఫ్ ష్వాబేకు మేనల్లుడు. ఓడకు ఎంత ఖర్చయితే అంతా ఇచ్చి, దానిమీద ఒక నిర్ణీత శాతం లాభం కట్టివ్వడం వాళ్ల పద్ధతి. పైకి వాటాదారులున్నా పెత్తనం ఇస్మే, ఇమ్రీ అనే భాగస్వామ్య సంస్థది. అందులో చివరి మాట ఇస్మేలది.

లండన్ యూస్టన్ నుంచి లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ స్టేషన్‌కు రైలు రెండుంపావు గంటలు. అక్కడే కిందికి దిగి మెర్సీరైల్ విర్రల్ లైన్ ఎక్కితే సెంట్రల్ తర్వాత జేమ్స్ స్ట్రీట్ స్టేషన్. బయటికి వచ్చి నది వైపు రెండు నిమిషాలు నడిస్తే మలుపులో వైట్ స్టార్ పాత ఆఫీసు ఆల్బియన్ హౌస్ కనిపిస్తుంది. నార్మన్ షా గీసిన ఈ భవనాన్ని 1896-98లో కట్టారు. అడుగు అంతస్తులు బూడిదరంగు గ్రానైటు. పైన ఎర్ర ఇటుక వరస, తెల్ల పోర్ట్‌లాండ్ రాతి వరస, మళ్లీ ఇటుక, అలా కప్పుదాకా చారలే. పంది మాంసం ముక్కలో కనిపించే చారల్లా ఉన్నాయని ఊరివాళ్లు దీన్ని స్ట్రీకీ బేకన్ అంటారు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగాక, బయట గుమిగూడిన జనంలోకి దిగడానికి భయపడి, చనిపోయినవాళ్ల పేర్లను గుమాస్తాలు ఇక్కడి బాల్కనీ నుంచే చదివారని చెబుతారు. ఫొటోకు మధ్యాహ్నం దాటాక వెళ్లండి. స్ట్రాండ్ రోడ్డు వైపు ముఖం పడమరకు ఉంటుంది కాబట్టి పొద్దున పూట అంతా నీడే. రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడితేనే భవనం మొత్తం ఫ్రేములోకి వస్తుంది.

అక్కడి నుంచి నది ఒడ్డునున్న పియర్ హెడ్ వైపు నడిస్తే టైటానిక్ ఇంజన్ గది సిబ్బంది స్మారకం ఉంది. గ్రానైటు స్తంభం, దానికింద పనిబట్టల్లో మనుషులు. పది నిమిషాలు చాలు, కానీ వదిలేయకండి. ఆల్బర్ట్ డాక్‌లోని మారిటైమ్ మ్యూజియం 2025 జనవరిలో పునర్నిర్మాణం కోసం మూసేశారు. పాత గైడ్లు నమ్మి దానికి సగం రోజు కేటాయించుకున్నవాళ్లు తలుపు దగ్గర నుంచే వెనక్కి రావాల్సి వస్తుంది. తెరిచారో లేదో ముందే చూసుకోవాలి.

బస విషయంలో పేరు చూసి మోసపోకండి. స్టాన్లీ డాక్‌లోని టైటానిక్ హోటల్ పాత గిడ్డంగిలో కట్టింది. గదులు చాలా పెద్దవి, పిల్లలతో వెళ్లేవాళ్లకు హాయి. కానీ వైట్ స్టార్‌తో దానికి బంధం పేరు వరకే, పైగా పియర్ హెడ్‌కు రెండు కిలోమీటర్లకు పైనే. పక్కనే బ్రామ్లీ-మూర్ డాక్‌లో ఎవర్టన్ ఫుట్‌బాల్ జట్టు కొత్త స్టేడియం వచ్చింది కాబట్టి మ్యాచ్ తేదీలు చూడకుండా బుక్ చేస్తే ధరా ఎక్కువ, ట్రాఫిక్కూ ఎక్కువ. ఈ యాత్రకు జేమ్స్ స్ట్రీట్ స్టేషన్‌కు పది నిమిషాల నడకలో ఉండే ఏ మామూలు హోటలైనా మేలు. లివర్‌పూల్‌లో ఉండే మూడు రోజుల ప్రయాణమంతా ఆ ఒక్క స్టేషన్ చుట్టూనే తిరుగుతుంది.

రెండో రోజు పొద్దున్నే, ఇస్మేల ఇల్లు ఉండిన పల్లె థర్‌స్టాస్టన్. ఎక్కువమంది వదిలేసే చోటు ఇదే; ఈ యాత్రకు ప్రాణం కూడా ఇదే. జేమ్స్ స్ట్రీట్‌లో వెస్ట్ కర్బీ రైలు ఎక్కాలి, అరగంట ప్రయాణం. అదే ప్లాట్‌ఫాం మీదికి న్యూ బ్రైటన్, చెస్టర్ రైళ్లూ వస్తాయి. పొరపాటున న్యూ బ్రైటన్ రైలు ఎక్కితే బర్కెన్‌హెడ్ నార్త్‌లో దిగి మారండి. ఆ తర్వాత దారులు విడిపోతాయి. వెస్ట్ కర్బీ నుంచి విర్రల్ వే మీద దాదాపు ఐదు కిలోమీటర్లు నడక. ఇది 1956లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయిన పాత లైను. పట్టాలు తీసేసి బాట చేశారు. దారి చదునే కానీ వాన పడితే బురద, కాబట్టి షూ గట్టివి వేసుకోండి. థర్‌స్టాస్టన్ విజిటర్ సెంటర్ దగ్గర పాత ప్లాట్‌ఫాం అంచు ఇంకా ఉంది. అక్కడ టీ తాగి, స్టేషన్ రోడ్డు ఎత్తు ఎక్కితే సెయింట్ బార్తొలొమ్యూ చర్చి.

థామస్ ఇస్మే సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. చర్చి తలుపు తెరిచి ఉంటుందన్న నమ్మకం లేకపోయినా సమాధి బయటే కాబట్టి ఇబ్బంది లేదు. దగ్గర్లోనే 1880లలో నార్మన్ షా చేతనే కట్టించుకున్న డాపూల్ భవనం ఉండేది. 1920లలో దాన్ని పడగొట్టడానికి గోడలు లొంగక పేలుడు పదార్థం వాడాల్సి వచ్చింది. ఆ ఇంటి పొయ్యిగూడు ఒకటి వేల్స్‌లోని పోర్ట్‌మేరియన్‌లో పాంథియన్ అనే కట్టడానికి ముఖద్వారంగా నిలిచింది. అటువైపు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకుని చూడండి.

ఈ సమాధి దగ్గర తలచుకోవాల్సినవి రెండున్నాయి. 1873 ఏప్రిల్ 1న అట్లాంటిక్ అనే ఓడ బొగ్గు చాలదన్న భయంతో హాలిఫాక్స్ వైపు తిరిగి, నోవా స్కోషియా రాళ్లకు కొట్టుకుంది. 500 మందికి పైగా పోయారు. టైటానిక్‌కు 39 ఏళ్ల ముందు, కుటుంబం చేతిలో కంపెనీ ఉండగానే జరిగిన ఘోరం అది. రెండోది, థామస్ 1899 నవంబరులో పోయాక మూడేళ్లకే, 1902లో, కొడుకు బ్రూస్ హయాంలో కంపెనీ అమెరికా బ్యాంకరు జె.పి. మోర్గాన్ కూటమి చేతికి పోయింది. 1912 నాటికి బ్రూస్ ఇస్మే అధ్యక్షుడి కుర్చీలో ఉన్నా, సొత్తు అమెరికన్లది. ఈ తేడా తెలియకుండా బ్రూస్ గురించి తీర్పులిచ్చేవాళ్లే ఎక్కువ.

శీతాకాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది. మధ్యాహ్నం రెండింటికల్లా వెనక్కి బయల్దేరండి. మూడో రోజు పియర్ హెడ్, పోటీ ఓడల కంపెనీ కూనార్డ్ భవనం తీరిగ్గా చూసుకుని, రాత్రికి సామాను తీసుకుని జేమ్స్ స్ట్రీట్ నుంచి నదికింద ఒక్క స్టేషన్ వెళ్తే హామిల్టన్ స్క్వేర్. అక్కడినుంచి ట్వెల్వ్ కీస్ ఫెర్రీ రేవు దగ్గరే. బెల్‌ఫాస్ట్‌కు దాదాపు 8 గంటల ప్రయాణం. ఫెర్రీ బయల్దేరేది లివర్‌పూల్ వైపునుంచి కాదు, బర్కెన్‌హెడ్ నుంచి. తప్పు ఒడ్డున నిలబడి ఓడ పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. క్యాబిన్ తీసుకోండి, కుర్చీలో రాత్రి గడవదు. శాకాహారులు పులిహోర డబ్బా వెంట ఉంచుకుంటే నిశ్చింత. ఉత్తర ఐర్లండ్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమే, వేరే వీసా అక్కర్లేదు, కానీ ఫొటో గుర్తింపు ఉండాలి. చవకని డబ్లిన్ మీదుగా బుక్ చేసుకుంటే అది వేరే దేశం, దాని వీసా నియమాలు వేరు.

బెల్‌ఫాస్ట్ రేవు ఊరికి దూరం, తెల్లవారుజామున దిగుతారు. ట్యాక్సీ ముందే చెప్పుకోండి. టైటానిక్ బెల్‌ఫాస్ట్ మ్యూజియం గొప్పదే, కానీ ఓపికంతా అక్కడే ఖర్చు చేయకండి. అదే టికెట్‌తో హామిల్టన్ డాక్‌లోని నోమాడిక్‌లోకి వెళ్లవచ్చు. వైట్ స్టార్ ఓడల్లో నేటికీ మిగిలింది ఇదొక్కటే. 1911లో కట్టిన ఈ చిన్న స్టీమరు చెర్‌బోర్గ్ రేవులో ప్రయాణికులను పెద్ద ఓడలకు చేరవేసేది. తర్వాత పారిస్‌లో రెస్టారెంటుగా ఉండి, నది వంతెనల కింద పట్టేలా పైభాగం కోయించుకుంది. అందుకే పైడెక్కు మీద కనిపించేది చాలావరకు కొత్తగా కట్టింది. మెట్లు దిగి లోపలికి వెళ్లండి: పాత చెక్క పలకలు, గోడల మీద ప్లాస్టర్ అలంకారం, మొదటి తరగతినీ రెండో తరగతినీ వేరుచేసే ఏర్పాటు అక్కడున్నాయి. పెద్ద మ్యూజియానికి మూడు గంటలు, దీనికి కనీసం ఒక గంట పెట్టుకోండి. సమయం మిగిలితే పక్కనే హోటల్‌గా మారిన హార్లండ్ అండ్ వుల్ఫ్ పాత ఆఫీసులో, ఓడల నమూనాలు గీసిన ఎత్తైన డ్రాయింగ్ హాల్లో ఒక కప్పు టీ తాగవచ్చు. పైకప్పు కిటికీల వెలుగు కోసం పగటిపూటే వెళ్లాలి.