గులాబీ పువ్వుల అచ్చు: ఒంగోలులో కొన్నది, నెలన్నర వాడాక

నవంబరు ఆఖర్లో ఒంగోలు ట్రంకు రోడ్డు వెనక సందులో ఒక పాత్రసామాన్ల కొట్లో గులాబీ పువ్వుల అచ్చు కొన్నాను. పోత ఇనుముది. ధర 320 రూపాయలు. ఎనిమిది రేకులు, మధ్యలో గుండ్రటి బొడ్డు, పైన జానెడు కాడ, కాడ కొసన చెక్క పిడి. ఈ క్రిస్మస్ పండక్కి దీనితో రెండు వందల పైచిలుకు పువ్వులు వేశాం కాబట్టి దీని మంచీ చెడూ చెప్పగలను.

ముందు పాతదాని సంగతి చెప్పాలి. మా అమ్మమ్మ ఒంగోలు మిషను కాంపౌండులో, బంగళా వంటింట్లో పనిచేసేది. అమెరికా వెళ్ళిపోతూ ఒక దొరసాని ఆమెకిచ్చిన సామాన్లలో ఇత్తడి అచ్చు ఒకటి ఉంది. 1974లో అమ్మ పెళ్ళికి అది అమ్మతోపాటు వచ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లో ప్రతి డిసెంబరూ అరిసెలు, జంతికలు, కజ్జికాయలు, వాటితో పాటు ఈ పువ్వులు. రెండేళ్ళ క్రితం ఒక రేకు చీలింది. మాటు వేయించాం గానీ కాగే నూనెలో అది నిలవలేదు. నిరుడు నేను హైదరాబాదు నుంచి ఆన్‌లైన్‌లో నల్లపూత వేసిన అల్యూమినియం అచ్చు తెప్పించాను. పదో పువ్వుకే పూత పెచ్చులు లేచి నూనెలో నల్లగా తేలింది. అమ్మ ఏమీ అనకుండా మూకుడులో నూనెంతా పారబోసింది. ఆ ఏడు మా ఇంట్లో పువ్వుల్లేవు. అందుకే ఈసారి చేత్తో పట్టుకుని, బరువు చూసి, రేకుల అంచులు వేలితో తడిమి మరీ కొన్నాను.

కొనేవాళ్ళు గమనించాల్సింది ఆ అంచులే. రేకు పైకంటే కింద కాస్త సన్నగా ఉంటేనే వేగిన పువ్వు జారి వస్తుంది. పైనా కిందా ఒకే మందంగా ఉన్న అచ్చు పువ్వుని వదలదు. కొట్టాయన మూడు చూపిస్తే అమ్మకి ఫోన్‌లో వీడియో కాల్ చేసి చూపించి ఈ ఎనిమిది రేకులది తీసుకున్నాను.

కొత్త ఇనప అచ్చుని తెచ్చిన రోజే వాడబోకండి. మేం చేసిన పద్ధతి ఇది. చింతపండు, బూడిదతో తోమి, ఒక రోజంతా గంజిలో వేసి ఉంచాం. తుడిచి ఆరబెట్టాక, పాత నూనెలో సన్నటి సెగ మీద అరగంట కాచి, ఆ నూనెలోనే రాత్రంతా వదిలేశాం. తెల్లారి తీస్తే నల్లగా నిగనిగలాడింది. ఇంత చేసినా మొదటి ఆరు పువ్వులూ అతుక్కుని ముక్కలయ్యాయి. ఏడోది ఊడివచ్చింది. ఆ తర్వాత ఒక్కటీ విరగలేదు.

గుడ్డు వేసిన పిండితో చూసి ఏ అచ్చునీ మంచిదనకండి. గుడ్డు ఉంటే పిండికి పట్టు వస్తుంది, నాసిరకం అచ్చు కూడా ఎలాగో నెట్టుకొస్తుంది. గుడ్డు లేని పిండితోనే అచ్చు సంగతి బయటపడుతుంది. మా ఇంట్లో మొదట కలిపేది ఆ పిండే. కొత్త నూనెలో నలభై పువ్వులు దానితో వేసి, పక్కన పెట్టి, మూత బిగించాకే గుడ్డు పగలగొట్టాలి. అమ్మ ఈ క్రమం ఎన్నడూ తప్పనివ్వదు.

దానికి కారణం అమ్మ చిన్నతనంలో ఉంది. గుండ్లకమ్మకి దగ్గర్లో అమ్మ వాళ్ళ పల్లె. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో అమ్మ ముత్తాత ఒకడనీ, అప్పటికి పన్నెండేళ్ళవాడనీ మా ఇంట్లో చెప్పుకుంటారు.

బాప్తిస్మం తీసుకున్నా ఊరి బావి మాత్రం దూరంగానే ఉండిపోయింది. అమ్మకి ఎనిమిదేళ్ళప్పుడు, క్రిస్మస్ నాడు, అమ్మమ్మ పళ్ళెంలో పువ్వులు సర్ది తెల్లగుడ్డ కప్పి, ఊళ్ళో తను పనికెళ్ళే ఇంటికి పంపింది. అరటిపళ్ళయితే అరుగు మీద పెట్టి పొమ్మనేవాళ్ళు. వండింది కదా, వద్దన్నారు. కప్పిన గుడ్డ కూడా తీయలేదు. అమ్మ ఆ పళ్ళేన్ని అలాగే వెనక్కి తెచ్చింది. డెబ్బై దాటాక కూడా ఈ సంగతి చెప్పేటప్పుడు రెండు చేతులూ పళ్ళెం పట్టుకున్నట్టే ముందుకు చాపుతుంది.

టీచరు ఉద్యోగం వచ్చి ఒంగోలులో కాపురం పెట్టాక, మొదటి క్రిస్మస్‌కి అమ్మ ఎదురింటికి పళ్ళెం తీసుకెళ్ళింది. గడప దాటలేదట, వాకిట్లోనే నిలబడింది. ఎదురింటి మామ్మగారు లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, గుడ్డ తీసి చూసి, "ఎంత బాగున్నాయమ్మా, గుడ్డు వేశావా?" అనడిగారు. వేశానంది అమ్మ. "మేం తినం తల్లీ. వచ్చే ఏడు వెయ్యకుండా చేసి పట్టుకురా, నువ్వు చేసినవి నేను తినాలి" అన్నారు ఆవిడ. అమ్మ ఆ రాత్రి గుడికెళ్ళి చాలాసేపు మోకాళ్ళ మీద ఉందని నాన్న చెప్పేవాడు. మరుసటి ఏటినుంచి గుడ్డు లేని పిండే ముందు. ఇప్పుడు అలాంటి ఇళ్ళు ఐదయ్యాయి.

సరే, వాడే విధానం. అమ్మ కొలతలు: రెండు గ్లాసుల బియ్యప్పిండి, గ్లాసు మైదా, గ్లాసుకి తక్కువగా పంచదార పొడి, ఒక పెద్ద కొబ్బరికాయ పాలు, యాలకులు, నువ్వులు, చిటికెడు ఉప్పు. గుడ్డు లేనిదానికి మైదా ఇంకో అరగ్లాసు పెంచుతుంది. పిండి దోసెపిండికంటే కాస్త పల్చగా ఉండాలి. పంచదార ఎక్కువైతే పువ్వు అచ్చుని పట్టుకుని వదలదు. అచ్చుని నూనెలోనే బాగా కాగనిచ్చి, పైకి తీసి, పొడిగుడ్డ మీద ఒక్కసారి అద్ది, పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. అంచు పైకి పిండి ఎక్కితే ఆ పువ్వుకి అచ్చునుంచి విడుదల లేదు. ముంచగానే సుయ్‌మనాలి. ఆ చప్పుడు రాలేదంటే అచ్చు చల్లారిందన్నమాట. మళ్ళీ నూనెలో పెట్టుకోవాలి.

పోత ఇనుము గొప్పతనం ఇక్కడే కనిపించింది. వేడి నిలుపుకుంటుంది. ఇత్తడిదాన్ని ప్రతి పువ్వుకీ చాలాసేపు కాచాల్సి వచ్చేది, ఇది పది లెక్కపెట్టేలోపు సిద్ధం. అమ్మ అయితే అంకెలు లెక్కపెట్టదు. కీర్తన పాడుతుంది. పల్లవి అయ్యేసరికి పువ్వు అచ్చు వదలాలి, చరణం అయ్యేసరికి ఎర్రబడాలి. కొత్త అచ్చుతో పల్లవి సగంలోనే పువ్వు ఊడిపోతుంటే, "ఇది తొందరపెడుతోందే" అని రాగం కాస్త జోరు చేసింది.

పొయ్యి వెలిగించే ముందు కొంగు తలమీద కప్పుకుని ప్రార్థన చేస్తుంది. ఆ ప్రార్థనలో అచ్చు ఉంటుంది, నూనె ఉంటుంది, పళ్ళెం వెళ్ళే ఒక్కో ఇల్లూ పేరుపేరునా ఉంటుంది. ఎవరింట్లో ఆపరేషను, ఎవరబ్బాయికి ఉద్యోగం రాలేదు, అన్నీ. చిన్నప్పుడు మాకు అది ఎప్పటికి అవుతుందా అనిపించేది. ఈసారి నేను కళ్ళు తెరవలేదు.

లోపాలు రెండున్నాయి. కాడ పొట్టిది. లోతైన మూకుడులో చేయి సెగకి దగ్గరవుతుంది, చేతికి తడిగుడ్డ చుట్టుకోవాల్సి వచ్చింది. రెండోది బరువు. యాభై పువ్వులయ్యేసరికి నా మణికట్టే లాగింది, అమ్మ వల్ల ఇరవై దాటలేదు. పెద్దవాళ్ళ కోసం కొనేవాళ్ళు ఆరు రేకుల చిన్నది తీసుకోండి. ఇంకో మాట, కడిగి తడిగా వదిలేస్తే ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. మేం కడగడం మానేసి, వేడి మీదే తుడిచి నూనె రాసి పాత చీర ముక్కలో చుట్టి పెట్టాం. నా లెక్కలో ఐదుకి నాలుగు.

ఇరవై నాలుగో తారీకు రాత్రి ఒంటిగంటకి గుడి పిల్లలు క్యారల్స్ పాడుతూ మా వాకిట్లోకి వచ్చారు. కొత్తపట్నం నుంచి తమ్ముడు తెచ్చిన సరుగుడు కొమ్మ బకెట్లో ఇసక పోసి నిలబెట్టాం, వెదురు బద్దల స్టారు డాబా మీద వెలుగుతోంది. నాన్న ఉన్నప్పుడు ఆ రెండూ ఆయన పనులు. రేకు డబ్బా మూత తీసి పిల్లలకి చేతికి రెండేసి పువ్వులు పెట్టాం. తెల్లారి ఐదు గంటల ఆరాధనలో లూకా రెండో అధ్యాయం చదివే వంతు అమ్మది. కళ్ళజోడు లేకుండానే చదివింది. పుస్తకం తెరిచి ఉంది గానీ ఆమె అందులోకి చూడలేదు.

ఆరాధన నుంచి రాగానే, పట్టుచీర కూడా మార్చుకోకుండా, గుడ్డు లేని నలభై పువ్వులనీ ఐదు పళ్ళేల్లో సర్దింది. మామ్మగారికి తొంభై దగ్గరపడ్డాయి, పళ్ళు లేవు. వాళ్ళ కోడలు పువ్వుని పాలల్లో నానబెట్టి తినిపించిందట. పళ్ళెం ఆ రోజు వెనక్కి రాలేదు. సంక్రాంతి నాడు వచ్చింది, నిండా నువ్వుల అరిసెలతో, మీద మేం కప్పిన తెల్లగుడ్డే ఉతికి మడత పెట్టి.