సర్కారు దవాఖానాలో మిడ్‌వైఫ్ కాన్పు: ఎక్కడ బాగుంది, ఎక్కడ తేలిపోతుంది

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో అది 81.5, సర్కారు దవాఖానాల్లో 44.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తానికి 21.5. ఒక జనాభాలో ఆపరేషన్లు నూటికి పది దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆ సర్వేకు ముందే, 2017లో, తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం కూడా దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. మిడ్‌వైఫ్ అనగానే మంత్రసాని గుర్తొస్తే అది తప్పు. వీళ్లు నర్సింగ్ చదివి, ఆపైన కాన్పుల మీదే ఏడాదిన్నర శిక్షణ పొందినవాళ్లు. డాక్టరు పక్క గదిలోనే ఉంటారు.

ముందుగా, ఈ సేవ అందరికీ కాదు. నెలలు నిండి, ఒకే బిడ్డ, తల కిందికి, బీపీ లేదు, ఇన్సులిన్ మీద లేరు, రక్తం మరీ తక్కువ లేదు అంటే మిడ్‌వైఫ్ చేతుల్లో కాన్పు అవుతుంది. కవలలు, ఎదురుకాళ్లు, మాయ కిందికి ఉండటం, 37 వారాలకు ముందే నొప్పులు రావడం వంటివి డాక్టరు కేసులు. నొప్పుల మధ్యలో ఉమ్మనీరు ఆకుపచ్చగా వచ్చినా, జ్వరం వచ్చినా, బిడ్డ గుండె చప్పుడు గతి తప్పినా డాక్టరుకు అప్పగించాల్సిందే. ఆ అప్పగింత ఎంత త్వరగా జరుగుతుందన్నదే ఏ కేంద్రానికైనా అసలు పరీక్ష. నీటితొట్టి, రంగురంగుల గోడలు ఆ తర్వాతి సంగతి.

బాగా నడిచే గదిలో మొదట కనిపించే తేడా, గర్భిణి మంచం మీద ఉండదు. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని ఊగుతుంటుంది, గోడకు ఆనుకుని నిలబడుతుంది, నడుస్తుంది. నీళ్లు, మజ్జిగ తాగనిస్తారు. పక్కన తల్లో, అక్కో, అత్తో ఉంటుంది. లోపల పరీక్ష చేసే ముందు "ఇప్పుడు ఒకసారి లోపల చూడాలమ్మా, సరేనా?" అని అడిగి, ఆమె తలూపేదాకా ఆగుతారు. ఆ పరీక్ష నాలుగు గంటలకోసారి చాలు. వచ్చిన ప్రతి డ్యూటీవాళ్లూ చెయ్యి పెట్టి చూస్తుంటే అక్కడ మిడ్‌వైఫ్ బోర్డు ఉంది గానీ మిడ్‌వైఫరీ లేదు.

మంచం పక్కన వేలాడే కాగితం మీద ఒక కన్నేయండి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన లేబర్ కేర్ గైడ్ అనే కాన్పు రికార్డు ఫారం వాడుతున్నారంటే మంచి గుర్తు. దానికి ముందున్న చార్టు పార్టోగ్రాఫ్, గర్భసంచి ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలై, ఆపైన గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న గీత మీద నడుస్తుంది. అందరి ఒళ్లూ ఆ గీత ప్రకారం నడవవు. కొత్త గైడ్ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది. 5 దగ్గర ఆరు గంటలు, 6 దగ్గర ఐదు, 7 దగ్గర మూడు, 8 దగ్గర రెండున్నర, 9 దగ్గర రెండు గంటలు గడిచినా కదలిక లేకపోతే అప్పుడు హెచ్చరిక. తోడు ఉన్నారా, నొప్పి తగ్గించేది ఏమైనా ఇచ్చారా, తాగడానికి ఇచ్చారా, ఏ భంగిమలో ఉన్నారు అని నాలుగు గడులు కూడా అందులో ఉన్నాయి. బిడ్డ గుండె నిమిషానికి 110 కంటే తగ్గినా, 160కి చేరినా ఆ అంకెను గుండ్రంగా చుట్టి ఆలోచించాలి. చాలాచోట్ల ఈ కాగితాన్ని కాన్పయ్యాక కూర్చుని నింపుతారు. అన్ని గడుల్లో ఒకే పెన్ను, ఒకే దస్తూరి, సరిగ్గా అరగంటల లెక్కలు కనిపిస్తే ఇక చెప్పక్కర్లేదు.

సేవ తేలిపోయేది ఎక్కువగా రెండుచోట్ల. మొదటిది రాత్రి షిఫ్టు. మిడ్‌వైఫ్‌లు కొద్దిమందే ఉన్నచోట పగలు గది బాగానే నడుస్తుంది. రాత్రి వాళ్లను జనరల్ లేబర్ రూముకు వేస్తారు. బిడ్డ మాత్రం డ్యూటీ చార్టు చూసి రాదు. అందుకే "మిడ్‌వైఫ్ ఉన్నారా" అని అడిగితే సరిపోదు, "రాత్రి రెండింటికి ఉంటారా" అని అడగాలి.

రెండోది తొందరపడి చేర్చుకోవడం. 2 సెంటీమీటర్లకే చేరితే గంటలు పెరుగుతాయి, ఇంటివాళ్లు కంగారుపడతారు, నొప్పులు పెంచే సెలైన్ ఎక్కిస్తారు. అందులో కలిపే ఆక్సిటోసిన్ మందు మోతాదు మించితే పది నిమిషాల్లో ఐదుకు పైగా నొప్పులు వస్తాయి. నొప్పికీ నొప్పికీ మధ్య బిడ్డకు ఆక్సిజన్ అందే విరామం పోతుంది, గుండె చప్పుడు పడిపోతుంది, థియేటరుకు పరుగు. కాగితం మీద 'ఫీటల్ డిస్ట్రెస్', అంటే కడుపులో బిడ్డకు ఇబ్బంది, అని రాస్తారు. నిజమే, కానీ అది ఎలా వచ్చిందన్నది అందులో ఉండదు. తొలి కాన్పయితే నొప్పులు ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషంపాటు, గంటసేపు ఆగకుండా వస్తున్నప్పుడు బయల్దేరండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా మాత్రం నొప్పులతో పని లేదు, వెంటనే వెళ్లాలి. బండికి 102.

నొప్పి తగ్గించడంలో సర్కారు గదులకు మార్కులు తక్కువ. వేడి కాపడం, నడుం రుద్దడం, భంగిమలు మార్చడం బాగానే ఉంటాయి. నడుం దగ్గర వెన్నులో సూదితో మందిచ్చి నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ చాలాచోట్ల దొరకదు, మత్తు డాక్టరు ఉన్నా ఆపరేషన్లకే చాలరు. కొన్ని ఆసుపత్రుల్లో ఎంటోనాక్స్ ఉంటుంది. అది సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ ఉన్న గ్యాస్. మాస్కు గర్భిణి చేతిలోనే ఉండాలి. నొప్పి మొదలవుతుండగానే పీల్చాలి, ఎందుకంటే పని చెయ్యడానికి అర నిమిషం పైనే పడుతుంది. నొప్పి తారస్థాయికి వచ్చాక పీలిస్తే తల తిరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఎపిడ్యూరల్ కావాలనుకుంటే అది తప్పూ కాదు, చేతగానితనమూ కాదు. దానివల్ల సిజేరియన్లు పెరగవు, జీవితాంతం నడుం నొప్పీ రాదు. నూటికి ఒకరికి తీవ్రమైన తలనొప్పి రావచ్చు, ముక్కే దశ కొంచెం సాగుతుంది. ప్రైవేటులో తీసుకునేవాళ్లు మత్తు డాక్టరు రాత్రి ఆసుపత్రిలో ఉంటారా, ఇంటి నుంచి వస్తారా, ఆ ఖర్చు ప్యాకేజీలోనే ఉందా అని కనుక్కోవాలి.

'అంతా సహజంగానే' అని పట్టుబట్టేవాళ్లకూ ఒక మాట. బిడ్డ పుట్టిన నిమిషంలో తొడకు ఇచ్చే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వద్దనకండి. కాన్పు తర్వాత తల్లి ప్రాణం తీసేది ఎక్కువగా రక్తస్రావమే, దాన్ని ఆపడానికే ఆ సూది. కాదనదగ్గవి వేరే ఉన్నాయి: బిడ్డ బయటికి వచ్చే దారి దగ్గర అందరికీ వేసే కోత, ఎనిమా, షేవింగ్, పొట్ట మీద చేతులేసి నొక్కడం. బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగమనండి. బిడ్డను రొమ్ము మీద పడుకోబెట్టి మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించండి. తేనె సీసాతో సిద్ధంగా ఉండే అమ్మమ్మలకు ఆ గంట వేరే పని అప్పజెప్పాలి.

ఆపరేషన్ అవసరమైతే అదీ మంచి కాన్పే. కారణం మాత్రం అడగండి. 'మెడకు పేగు చుట్టుకుంది' అన్నది ఒక్కటే కారణమైతే సరిపోదు. అలా చుట్టుకుని మామూలుగా పుట్టే పిల్లలు బోలెడు మంది. 'ఉమ్మనీరు తగ్గింది' అంటే ఎంత అని అడగండి. స్కాన్‌లో నాలుగు చోట్ల కొలతలు కలిపి 5 సెంటీమీటర్ల లోపుంటేనే తక్కువ కింద లెక్క. ఇక ముహూర్తం సిజేరియన్లు. 39 వారాలు నిండకుండా కోస్తే బిడ్డకు ఆయాసం వచ్చే అవకాశం పెరుగుతుంది. నక్షత్రం ఎంత మంచిదైనా ఊపిరితిత్తులు దాని మాట వినవు. జనని శిశు సురక్ష పథకం కింద సర్కారు దవాఖానాల్లో సిజేరియన్ కూడా ఉచితమే. మందులకు, రక్తానికి డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు.

ఇవన్నీ నొప్పుల మధ్యలో అడగలేరు. 34-36 వారాల చెకప్‌కి భర్తనో తల్లినో వెంటబెట్టుకుని వెళ్లి, మిడ్‌వైఫ్‌తో అరగంట కూర్చోండి. తోడుగా ఎవరిని రానిస్తారో, మీరు ఏ భంగిమ కోరితే ఒప్పుకుంటారో, డాక్టరును ఎప్పుడు పిలుస్తారో అప్పుడే తేల్చుకోవాలి. ఇంకో ప్రశ్న: "తొలి కాన్పు, నెలలు నిండి, తల కిందికి, నొప్పులు వాటంతటవే వచ్చినవాళ్లలో మీ దగ్గర నూటికి ఎందరికి ఆపరేషన్ అవుతోంది?" మొత్తం సిజేరియన్ల లెక్క చెబితే క్లిష్టమైన కేసులు కలిసిపోయి ఏమీ తెలియదు. ఈ ఒక్క అంకె చాలు. చెప్పడానికి తడబడే చోట ఆ లెక్క రాస్తున్నట్టు లేదనుకోవచ్చు.

ఆపరేషనే అయితే ఇంటికెళ్లే రోజు డిశ్చార్జి కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఆగింది, ఎందుకు కోశారు, గర్భసంచి మీద కోత అడ్డమా నిలువా అన్నవి రాయించుకోండి. కింది భాగంలో అడ్డకోత ఒక్కటే ఉన్నవాళ్లు రెండోసారి ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. వట్టి 'ఎల్‌ఎస్‌సీఎస్' (గర్భసంచి కింది భాగంలో కోసిన సిజేరియన్) అని రాసి కారణం వదిలేసిన కాగితం పట్టుకెళ్తే, మీ రెండో కాన్పుకు డాక్టరు మళ్లీ థియేటరే బుక్ చేస్తారు.